ఎడమ కాలు ముందు

ఏలియా ఇంత పని చేస్తాడని గణపతిరావు అనుకోలేదు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో పద్దెనిమిదేళ్లు గోడకు గోడ. ఇక్కడ కూర వండితే గిన్నె అక్కడికి వెళ్లేది. అలాంటివాడు కొడుకు టోనితో కలిసి గణపతిరావు ఇనప ట్రంకు ఎత్తుకుపోయాడు.

గురువారం ఉదయం 11కీ మధ్యాహ్నం 12:30కీ మధ్య పోయింది. ముందు తలుపు తాళం వేసినట్టే ఉంది, పెరటి తలుపు తీసి ఉంది. పెరటి గోడ ఏడడుగులు. ట్రంకు డెబ్బై కిలోలు. ఈడ్చిన గీత లేదు. గోడవారన ఆ ఉదయమే వేసిన సిమెంటులో రెండు పాదాల గుర్తులు, దూరం దూరంగా.

ట్రంకులో విలువైనది ఒక్కటే. మలంచాలో తన స్థలం గణపతిరావుకి అమ్మినట్టు వెయిట్ లిఫ్టింగ్ శిష్యుడు ప్రేమ్‌కుమార్ చేత్తో రాసిచ్చిన కాగితం. సొమ్మంతా ముట్టింది. రిజిస్ట్రేషన్ మిగిలింది.

టౌన్ థానా బెంగాలీ ఎస్సై మైతీ మొదట అడిగింది ప్రేమ్‌కుమార్ గురించే. గణపతిరావు నవ్వేశాడు. తను చదువు ఎనిమిదితో ఆపేసి, వెయిట్ లిఫ్టింగ్ కోటాలో రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్‌లో చేరి ఏఎస్సై అయినవాడు. మనిషి ఎదురైతే మొహం కంటే ముందు ఎన్ని కిలోలు ఎత్తగలడో చూస్తాడు. ప్రేమ్‌కుమార్‌కి డిస్క్ జారి మూడేళ్లయింది. వాడు బిందె కూడా ఎత్తలేడు, పేరు కొట్టేయండి దాదా అన్నాడు. ఆ ట్రంకుకి ఇద్దరు కావాలనీ, గూడ్స్ షెడ్డులో మూటలు మోసే తండ్రీకొడుకులు పక్కింట్లోనే ఉన్నారనీ తనే చెప్పాడు.

ఆదివారం ఉదయం చర్చి మెట్ల మీదే ఆ తండ్రీకొడుకుల్ని పోలీసులు పట్టుకెళ్లారు.

సాయంత్రం 4:40. భార్య దాలమ్మ పెరట్లో ఆరిన బట్టలు తీస్తూ సిమెంటు దగ్గర ఆగింది.

"ఇద్దరొచ్చినారంటావు. నాలుగు కాళ్లుండాల. రెండే ఉన్నాయేటి?"

"మిగతావి గట్టినేల మీద పడుంటాయే."

"ఈ ఎనక కాలికి మడమ కూడా నేదు. ఆడు గాల్లో ఎల్లినాడేటి?"

గణపతిరావు వంగి చూశాడు. ముందు పాదం పూర్తిగా దిగింది. వెనక పాదానికి వేళ్లూ ముందు భాగమే పడ్డాయి.

చెప్పులు విప్పి ఆ గుర్తుల్లో నిలబడ్డాడు. చేతులు వాటంతట అవే తలపైకి లేచాయి. బరువు పైకి తోసేటప్పుడు లిఫ్టర్ వేసే అడుగు అది. కానీ ఒళ్లు కుదరలేదు. ముందున్నది ఎడమ కాలు.

5:30. గణపతిరావు కబురు పెడితే పెరట్లోకి వచ్చిన మైతీ. బేడీలతో ఏలియా, టోని. నడుం బెల్టుతో ప్రేమ్‌కుమార్.

"ఎత్తింది ఒక్కడే దాదా," అన్నాడు గణపతిరావు. "తలపైకి తోసి గోడ మీద పెట్టినాడు. అవతల ఇసక మీదకి దొర్లించినాడు. నా దగ్గర నేర్సుకున్నోళ్లందరూ కుడి కాలు ముందేస్తారు. ఒక్కడి సేత ఎడమ మాన్పించలేకపోనాను. రెండేళ్లు తిట్టినాను. ఒరే ప్రేమ్, అందులో కాలెట్టు."

ప్రేమ్‌కుమార్ కదల్లేదు. మైతీ పెట్టించాడు. వేలికి వేలు సరిపోయింది.

"నడుం నొప్పి ఎప్పుడు తగ్గినాది?"

"ఏడాదయింది మాస్టారూ."

"నాకు సెప్పలేదేం?"

"మీరు అడగలేదు. సూసి, ఇంతే అనుకున్నారు."

కాగితం ప్రేమ్‌కుమార్ గురువారమే కాల్చేశాడు. శుక్రవారం ఆ స్థలం ఇంకొకరికి అమ్మి రిజిస్టర్ చేశాడు. దొంగతనం కేసు నిలుస్తుంది గానీ కాగితం లేకుండా నేల రాదన్నాడు మైతీ.

బేడీలు విప్పాక ఏలియా గణపతిరావు ముందు ఆగాడు.

"మా ఇద్దరి కిలోలూ కలిపి సూసుకున్నావా?"

కొడుకుని తీసుకుని వెళ్లిపోయాడు. గోడ అవతల తలుపు గడియ పడింది.

మలంచాలో పోయిన నేల రెండు కఠాల మూడు ఛటాకులు, అంటే 175 గజాలు.