రెండు చేతుల తలుపు

మెకానిక్‌ని చూసి ఆమె అన్న మొదటి మాట, "ముందు ఆ తలుపు వేయండి."

అది ల్యాబులో పెద్ద ఫ్రీజరు. లోపల మైనస్ ఎనభై డిగ్రీలు. అలారం ఊరికే మోగుతోందని పిలిస్తే వచ్చాడతను. వచ్చి, ఏ మెకానికైనా చేసేదే చేశాడు. తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు.

"చూడకుండా ఎలా బాగుచేస్తారండీ?"

"లోపల రక్తంలోంచి తీసిన టీ కణాలున్నాయి. మీరు చూసేలోపు చచ్చిపోతాయి."

"పలకరించి పోదామనుకున్నా, అంతే."

ఆమె నవ్వలేదు. ల్యాబులో అందరూ ఆమెను పిపెట్ అంటారు. ఆ గాజుగొట్టంలాగే మాటలు చుక్కలు చుక్కలుగా కొలిచి వదులుతుందని ఆ పేరు.

అలారం వైరు ఊడింది. బిగించి వెళ్ళాడు. వారం తిరక్కుండా మళ్ళీ ఊడింది. నాలుగు నెలల్లో పదకొండుసార్లు ఊడింది.

ఐదోసారి వచ్చినప్పుడు బయట వాన మొదలైంది. వెళ్ళే దారిలేక మెకానిక్ అడిగాడు.

"ఇంతకీ ఈ కణాలు ఏం చేస్తాయండీ?"

"ఒంట్లో తిరుగుతూ కాపలా కాస్తాయి. వాటి ఒంటి నిండా రిసెప్టర్లుంటాయి, చేతుల్లాగా. వేరే కణం ఒకటి, దొరికిన క్రిమి ముక్కను పళ్ళెంలో పెట్టినట్టు చూపిస్తుంది. ఆ ముక్క రిసెప్టరుకు సరిగ్గా పట్టిందంటే మొదటి సంకేతం అందినట్టు."

"ఇక లేచి కొడుతుంది."

"కొట్టదు. చూపించిన కణమే ఇంకో చెయ్యి కూడా కలపాలి. అది రెండో సంకేతం. రెండూ అందితేనే లేస్తుంది."

"రెండోది రాకపోతే?"

"మొద్దుబారిపోతుంది. ఆ తర్వాత రెండూ కలిపి ఇచ్చినా పలకదు."

మెకానిక్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "అంత పట్టుదల దేనికండీ?"

"లేకపోతే కనపడ్డ ప్రతిదానికీ లేచి, కాపలా కాయాల్సిన ఒంటినే తినేస్తుంది. మా అమ్మ ప్రొఫెసరు, ముప్పై ఏళ్ళు ఇదే పాఠం చెప్పింది. మా ఇంటి తలుపూ అంతే."

హాస్యమనుకున్నాడు. కాదు. ఆ ఇంటికి వచ్చేవాళ్ళు ఒక చేత్తో బెల్ నొక్కుతూ, ఇంకో చేత్తో తలుపు తట్టాలి. రెండూ ఒకేసారి. బెల్ ఒక్కటే నొక్కినవాళ్ళకు ఆ తలుపు ఇక లేనట్టే. పోస్ట్‌మ్యాన్ ఒకసారి చెయ్యి ఖాళీ లేక బెల్ ఒక్కటే నొక్కాడు. అప్పట్నుంచీ ఉత్తరాలు కింది అంతస్తు దర్జీకి ఇచ్చిపోతున్నాడు. పెద్దల్లుడు అలవాటు మరిచి ఒకసారి నొక్కాడు. ఆయన ఇప్పటికీ అత్తగారితో ఫోన్లోనే మాట్లాడతాడు.

పదకొండోసారి మెకానిక్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"వైరు దానంతటదే ఇన్నిసార్లు ఊడదండీ."

పిపెట్ నేల చూసింది. "సగంసార్లు నేను పీకాను."

"మిగతా సగం నేను వదులుగా బిగించాను."

ఈసారి ఆమె కొలవకుండా నవ్వింది. అంతలోనే ఆగిపోయింది.

"మా ఇంటికొచ్చి పెళ్ళిమాట అడగండి. కానీ అమ్మ తలుపు తీయకపోతే నేను రాను. ఆమెను ఆ తలుపు వెనక ఒక్కదాన్నే వదిలి రాలేను."

"అసలా నియమం ఎవరు పెట్టారు?"

"నాన్న. బడిలో పాఠాలు చెప్పి వచ్చి ఎడమచేత్తో బెల్, కుడిచేత్తో తలుపు. ఆ పాఠంతోనే అమ్మను ఆటపట్టించడానికి. ముప్పై ఏళ్ళు అది ఆటే."

"మరి?"

"రెండేళ్ళ క్రితం నాన్న పోయారు. తర్వాత నియమమైంది."

మెకానిక్ వారం రోజులు తన గది తలుపు మీద సాధన చేశాడు. పక్కగదివాడు రెండుసార్లు వచ్చి, ఒంట్లో బాగుందా అని అడిగి వెళ్ళాడు.

శనివారం ఉదయం వాన పడుతూనే ఉంది. మూడో అంతస్తు చేరి, రెండు చేతులూ ఖాళీ చేసుకోవడానికి గొడుగును గోడకు ఆనించాడు. రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. గొడుగు జారింది. దాని పిడి సరిగ్గా బెల్ మీద ఆగింది.

బెల్ మోగింది. మోగుతూనే ఉంది.

లోపల చెప్పుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. అతను గొడుగును లాగేసి, రెండు చేతులా బెల్లూ తలుపూ కలిపి మోగించాడు.

"ఇప్పుడెందుకు బాబూ," అంది లోపలి నుంచి ప్రొఫెసరమ్మ. "మొదటిసారి ఒక్కటే మోగింది."

"అది నేను కాదండీ, గొడుగు."

"గొడుగు ఎవరిది?"

చెప్పులు వెనక్కి నడిచాయి.

మెట్లవైపున్న వంటింటి కిటికీలో పిపెట్ మొహం కనిపించింది. "గొడుగుతో వచ్చి గొడుగు చేతిలో ఓడిపోయారా?"

"ఇంకో దారి లేదా?"

"ఒకటుంది. పక్క కణాలు ఐఎల్-టూ అని ఒక రసం వదులుతాయి. అది తగిలితే మొద్దుబారినది కూడా మెల్లగా కదులుతుంది."

"ఎక్కడ దొరుకుతుంది?"

"పక్క కణాలంటే పక్కవాళ్ళు. వెళ్ళి పిలవండి."

పది నిమిషాల్లో మెట్ల మీద చోటు లేదు. రెండో అంతస్తు పళ్ళ డాక్టరు వచ్చాడు. కుర్చీలో ఉన్న రోగి కూడా నోట్లో దూదితో వెంట వచ్చాడు. ఉత్తరాలివ్వడానికి వచ్చిన పోస్ట్‌మ్యాన్ ఆగిపోయాడు. ఎవరేం మాట్లాడాలో ఎవరికీ తెలియదు.

"పిల్లాడు మంచివాడమ్మా," అన్నాడు డాక్టరు. "పళ్ళు చూశాను, ఒక్కటీ పుచ్చలేదు."

రోగి ఏదో అన్నాడు. దూది వల్ల ఎవరికీ అర్థం కాలేదు.

తలుపు కదల్లేదు.

చివరికి ముసలి దర్జీ కర్ర ఊతంతో ముందుకొచ్చాడు. చంకలో కాగితం పొట్లం ఉంది.

"ప్రొఫెసరమ్మా, మాస్టారి చొక్కా నా దగ్గరే ఉండిపోయింది. కాలరు మార్చమని ఇచ్చారు. అప్పుడే తెద్దామనుకున్నా, కర్ర వదిలితే నిలబడలేను కదా. నాకున్నది ఒక్క చెయ్యే. మీ తలుపుకి రెండు కావాలి."



గొళ్ళెం తీసిన చప్పుడైంది. ప్రొఫెసరమ్మ ఎవర్నీ చూడలేదు. పొట్లం అందుకుని, కాగితం విప్పి, కాలరు మీద వేలు పోనిచ్చింది.

"కుట్టు బాగుంది," అంది.

కాసేపటికి తలెత్తి మెకానిక్‌ని చూసింది.

"ఆయనది ఎడమచెయ్యి బెల్, కుడిచెయ్యి తలుపు. నువ్వు కంగారులో తారుమారు చేశావు, తలుపు కన్నంలోంచి చూశాను. మళ్ళీ కొట్టు."

తలుపు వేసేసుకుంది. వేసేలోపు పిపెట్ సందులోంచి జారి బయటికొచ్చి అతని పక్కన నిలబడింది. అతను ఎడమచెయ్యి బెల్ మీద పెట్టాడు. కుడిచెయ్యి ఎత్తబోతే ఆమె పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. రెండో చేత్తో తలుపు తనే తట్టింది.

రెండూ ఒకేసారి మోగాయి.

తలుపు తెరుచుకుంది. ప్రొఫెసరమ్మ ఆ చేతులవైపు చూసింది, తర్వాత మెట్ల మీద అందరివైపూ చూసింది.

"అందరూ లోపలికి రండి," అంది. "గొడుగు మాత్రం బయటే ఉండాలి."