జ్యోతిమాతను నువ్వు అన్నవాడు

శనివారం మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపు మూసేస్తారు. షట్టరు సగానికి దించగానే వెనక గదిలో ఆట మొదలవుతుంది. లెన్సులు అరగదీసే మెషీన్ని గోడవైపు నెట్టి, బల్ల మీద మ్యాపు పరిచి, పాచికలు ముందేసుకుని కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఆ కథలో పాత్రలవుతారు.

కథ నడిపేది షాపు యజమాని మరదలు. వారమంతా లెన్సులు అరగదీస్తుంది, శనివారం రాజ్యాలు కూలుస్తుంది. ఆటలో ఆమె అక్క దొంగ, బావ మంత్రగాడు. నాలుగో కుర్చీలోని సిపాయి లిఫ్టు మెకానిక్. ఆ బిల్డింగులో లిఫ్టు బాగుచేయడానికి వచ్చి, "ఏంటండీ ఈ గోల?" అని తలుపులోంచి తొంగిచూసి, అక్కడే అతుక్కుపోయాడు. పాచికల్ని చూసి కాదని అక్కకి మొదటిరోజే అర్థమైంది.

ఆ కథలో నిప్పుల గుడి ఒకటుంది. అక్కడి పూజారుల దగ్గర మర్యాద తప్పితే మందు పుట్టదు. ఎవర్ని ఏమని పిలవాలో ఆమె ఒక అట్టముక్క మీద రాసి గోడకి అంటించింది. కొత్తగా చేరినవాళ్ళని దివిటీగారూ అనాలి. వైద్యం చేసేవాళ్ళని దీపయ్యా, దీపమ్మా అనాలి. అందరికన్నా పెద్దావిడ జ్యోతిమాత. ఎంతటి రాజైనా ఆవిణ్ణి మీరు అనాల్సిందే.

మెకానిక్ ఆ అట్ట చదవలేదు. చదివుంటే ఈ కథే లేదు.

ఆరోజు మంత్రగాడికి విషపు బాణం తగిలింది. సిపాయి అతన్ని భుజానేసుకుని గుళ్ళోకి పరిగెత్తాడు.

"మా గడప తొక్కింది ఎవరు?" అంది ఆమె, జ్యోతిమాత గొంతుతో.

"ఇక్కడ మావాడు చచ్చిపోతున్నాడు! నువ్వు ముందు మందు చూడు, పరిచయాలు తర్వాత!"

అక్క తీరిగ్గా లేచి అట్టముక్క దగ్గరికెళ్ళి చదివింది. "జ్యోతిమాతను నువ్వు అన్నవాడు ఆమెను పెళ్ళికి అడిగినట్టే. ఆమె కూడా నువ్వు అంటే ఒప్పుకున్నట్టు. మీరు అంటే కాదన్నట్టు. ఏదో ఒకటి తేలేదాకా ఆమె ఇంకో పని ముట్టుకోకూడదు."

"నేను పెళ్ళెప్పుడు అడిగానండీ? మందు అడిగాను!"

"ఎవరూ నోరు జారరనుకుని సరదాకి రాశాను" అంది ఆమె. ముఖం ఎర్రబడింది.

"రూలంటే రూలే" అన్నాడు బావ. "నేను విషమెక్కి పడున్నా పర్లేదు. ముందు సంబంధం సంగతి తేల్చండి."

"జ్యోతిమాత ఆలోచించుకుని చెబుతుంది" అని ఆమె మ్యాపు మడిచేసింది.

ఆలోచన తెమల్లేదు. వారాలు గడుస్తున్నాయి. మంత్రగాడు గుడి అరుగుమీద విషంతో పడే ఉన్నాడు. ఆటలో పనిలేక బావ టీలు పెడుతున్నాడు.

ఆమె మాటతీరు కూడా మారిపోయింది. ఇదివరకు "మీకు చక్కెర ఎంత?" అని అడిగేది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషిని వదిలేసి, "మెకానిక్‌గారికి టీ కావాలేమో కనుక్కో అక్కా" అంటోంది. తప్పనిసరైతే, "ఆ కుర్చీ కాస్త జరిగితే బావుణ్ణు" అని కుర్చీతో చెబుతోంది.

మెకానిక్‌కి బెంగ పట్టుకుంది. ఒకరోజు మెట్ల దగ్గర అక్కని ఆపాడు. "అక్కా, ఆమెకి నామీద కోపమా?"

"కోపమైతే నిన్ను 'మీరు' అనేసి చేతులు దులుపుకునేది కదయ్యా!"

అతనికి ఎక్కలేదు. కేబుళ్ళూ మోటార్లూ తప్ప ఇంకోటి తొందరగా తలకెక్కే మనిషి కాదు.

తర్వాతి శనివారం జోరున వాన. మెకానిక్ తడిసి ముద్దయి వచ్చి, తల కూడా తుడుచుకోకుండా కూర్చున్నాడు.

"నన్ను వేరే ఊరికి వేస్తున్నారు. సూపర్‌వైజర్ పోస్టు. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. వెళ్తాననే చెబుతాను. ఇదే నా చివరి ఆట."

"అయితే సిపాయిని డ్రాగన్‌కి వేసేద్దాం" అన్నాడు బావ. ఎవరూ నవ్వలేదు.

ఆమె పాచికలు సర్దుతూ, "వెళ్ళాల్సినంత అవసరం ఏమొచ్చింది?" అంది.

"ఇక్కడుండి ఏం చేయమంటారండీ? మీరు నాతో మాట్లాడి ఎన్నాళ్ళైంది? కుర్చీకి చెబుతారు, మీ అక్కకి చెబుతారు. తెలియక ఒక్క మాట అన్నందుకు ఇంత కోపమా?"

"కోపమా!" ఆమె పాచికలు బల్లమీద పడేసింది. "ఏమని మాట్లాడాలి? ఒకలా పిలిస్తే కాదన్నట్టు. కాదనడం నాకిష్టం లేదు. ఇంకోలా పిలుద్దామంటే, అడిగింది ఆటలో. బయట నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగనిదానికి ఒప్పుకోవడానికి నాకు సిగ్గుండదా?"

షట్టరు మీద వాన దబదబా కొడుతోంది. మెకానిక్ లేచి గోడ దగ్గరికెళ్ళి, ఆ అట్టముక్కని మొదటిసారి తనే పూర్తిగా చదివాడు. ఇన్ని వారాల కుర్చీ కబుర్లన్నీ అతనికి ఒక్కసారిగా అర్థమయ్యాయి.

వెనక్కి తిరిగాడు. "అప్పుడు తెలియక అన్నాను. ఇప్పుడు తెలిసే అంటున్నాను. నువ్వంటే నాకిష్టం. నువ్వు సరేనంటే పోస్టు వద్దని ఇప్పుడే ఫోన్ చేసేస్తాను."

"సూపర్‌వైజర్ పోస్టు వదులుకుంటావా? పిచ్చా నీకు?"

అనేశాక గానీ ఏమందో ఆమెకి తెలియలేదు. తెలిశాక వెనక్కి తీసుకోనూ లేదు.

"నువ్వు వెళ్ళు" అంది నెమ్మదిగా. "పొద్దున్నే రైలెక్కితే ఆట టైముకి ఇక్కడుండొచ్చు. ఏ శనివారమైనా రాకపోయావో, నిజంగానే డ్రాగన్‌కి వేస్తాను."

"అమ్మయ్య!" అన్నాడు బావ. "ఇప్పుడైనా నాకా మందు పోయండి."

మెకానిక్ అక్కవైపు తిరిగాడు. "అక్కా, మీకు ఇష్టమేనా?"

"నాకు మొదట్నుంచీ ఒకటి నచ్చలేదయ్యా" అంది అక్క, నవ్వకుండా. అతని ముఖం వాడిపోయింది.

"ఆ అక్కా అనడం. నేను నీకు అక్కనైతే నా చెల్లెలు నీకేమవుతుంది? వదినా అను."

"వదినా" అన్నాడు. అదీ గొణుగుతూ.

అక్క అంతటితో వదల్లేదు. గదిలో అందరికీ వినబడేలా ఇంకోసారి అనిపించుకుంది.