పగటిపూట ఎప్పుడూ పెట్టుకోని ఒంటిపేట

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపే కూతురు బీరువాలోంచి అమ్మ ఆకుపచ్చ చీర తీసి మంచం మీద పరిచింది. మర్నాడు పొద్దున్నే రిజిస్ట్రార్ ఆఫీసులో తన పెళ్లి. తన చీర సంగతి ఇంకా తేలలేదు కానీ, అమ్మ ఏం కట్టుకోవాలో మాత్రం ఎప్పుడో తేల్చేసింది.

"దీని మీదికి నాన్న కొన్న ఆకుపచ్చ రాళ్ల ఒంటిపేట పెట్టుకో అమ్మా."

"అది సాయంత్రాలకే. పొద్దున్నపూట దానికి అందం ఉండదు" అంది తల్లి, మడతపెట్టిన దుప్పటినే మళ్లీ మడతపెడుతూ.

పక్కగదిలో కాఫీ తాగుతున్న తండ్రి చెవిలో ఆ మాట పడింది. ఆయన పెయింట్ల కొట్టులో రంగులు కలుపుతాడు. వీధంతా ఆయన్ని రంగుల మాస్టారంటుంది. కొనడానికొచ్చిన వాళ్ల చేతిలో నమూనా అట్ట పెట్టి గుమ్మం బయటికి తరిమేస్తాడు. "పగలు చూడాలండీ రంగు! లైటు కింద అన్నీ బాగానే ఉంటాయి" అని గొంతు చించుకుంటాడు. ఆయన కన్ను ఎన్నడూ తప్పలేదని చెప్పుకుంటారు. ఆయనా కాదనడు.

గ్లాసు పట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు.

"నచ్చలేదని ఆనాడే ఒక్క ముక్క చెప్పాల్సింది. ఎప్పుడడిగినా సాయంత్రం, సాయంత్రం! రేపు పిల్ల పెళ్లికి కూడా పెట్టుకోవా?"

"నచ్చకపోవడమేంటండీ..."

"మరి పెట్టుకో."

"పెట్టుకోనంటే పెట్టుకోను. నన్ను విసిగించకండి."

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అలా అనేసరికి ఆయన మొహం చిన్నబోయింది. కూతురికి ఒళ్లు మండింది.

"ఎందుకమ్మా అంత మొండితనం? నాన్న నోరు తెరిచి అడిగేదే తక్కువ!"

అంటూనే సొరుగు లాగి, గుడ్డసంచి విప్పి, హారాన్ని అరచేతిలోకి ఒంపుకుంది. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ చేతి మీదే పడుతోంది.

"నాన్నా, ఇవి ఆకుపచ్చవి కాదుగా! నీలం."

"నోర్ముయ్యవే!" అంది తల్లి. అప్పటికే ఆలస్యమైపోయింది.

తండ్రి హారాన్ని అందుకుని, కొట్టులో నమూనా అట్ట చూసినట్టే ఎండకి ఎత్తి చూశాడు. తిప్పి మళ్లీ చూశాడు. నీలమే. చీర మీద పెట్టి చూస్తే మరీ నీలం.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు మెల్లగా.

"తెచ్చిన మర్నాడే, ఆస్పత్రి కిటికీ దగ్గర. ఊరంతా మీ కన్ను గురించి చెప్పుకుంటుంటే, తప్పయిందని నేనెలా చెప్పనండీ? లైటు కింద ఆకుపచ్చగానే ఉంటుంది. అందుకే లైట్లు వేశాకే పెట్టుకునేదాన్ని. మీరేమో చూసి మురిసిపోయేవారు."

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. కూతురు పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

"అందరినీ పగలు చూడమంటావు, నువ్వు మాత్రం లైటు కింద ఎలా కొన్నావు నాన్నా?"

"నువ్వు పుట్టావని సాయంత్రం కబురొచ్చిందే. చేతులకంటిన రంగు కూడా కడుక్కోలేదు, అలాగే పరిగెత్తాను. మీ అమ్మకి ఆ చీర మీదికి రాళ్ల పేట కొంటానని ఎప్పటినుంచో మాటిచ్చి ఉన్నాను. నగల కొట్టాయన షట్టరు దించుతున్నాడు. పొద్దున్న రండి, వెలుగులో చూసి ఎంచుకోండి అన్నాడు కూడా. నా మాటే నాకు చెప్పాడు." ఆయన కూతురి వైపు తిరిగాడు. "నిన్ను చూడ్డానికి ఉత్త చేతుల్తో ఎలా రానే? తెల్లారేదాకా ఆగలేకపోయాను."

కూతురు తండ్రి భుజంలో మొహం దాచుకుని ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఆయనే బీరువా ముందు నిలబడి భార్యని అడిగాడు. "నీలం చీర తియ్యనా?"

"వద్దు, ఆకుపచ్చదే. మీరు దాని మీదికనే కదా తెచ్చింది."

అద్దం ముందు ఆమె తల వంచింది. ఆయన కొక్కెం పెట్టాడు. వీధి గుమ్మం దిగాక, నిండు ఎండలో ఆమె ఆగి వెనక్కి తిరిగింది. ఆకుపచ్చ చీర మీద నీలం రాళ్లు ధగధగా మెరుస్తున్నాయి.

"రంగు కుదిరిందా మాస్టారూ?" అంది నవ్వుతూ.

రంగుల మాస్టారు ఆ పేటని ఎండలో తేరిపార చూశాడు. కుదిరిందన్నట్టు తల ఊపాడు.