మేడ బస్సులో మాయమైన నెక్లెస్

దొంగతనం జరిగిందని పోలీసులకు ఫోన్ చేసింది నిందితురాలే.

పంజాగుట్ట పోలీస్ స్టేషన్ ఎస్‌ఐ కమలకుమారి అమీర్‌పేట చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. 2006 మార్చి. ఆదివారం. నౌబత్ టూర్స్ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. కింది రెండు అంతస్తుల్లో జావా క్లాసులు జరుగుతున్నాయి. మెట్ల నిండా చెప్పులు.

ఆఫీసు ఒకటే గది. మూడు కుర్చీలు. నలుగురు మనుషులు.

"ఫోన్ చేసిందెవరు?"

"నేనే మేడమ్. నా పేరు నవీన. బస్సుల గైడ్‌ను." మెరూన్ కుర్తా వేసుకున్న అమ్మాయి. పాతికేళ్లు ఉంటాయి. గోడ పక్కన నిలబడి ఉంది.

"ఏం పోయింది?"

"వీళ్ల నెక్లెస్ పోయిందట. నేనే తీసిన అంటుండ్రు. గీ కాయితం మీద సంతకం పెట్టి, నౌకరీ ఇడిసి పొమ్మంటుండ్రు. నేను పెట్ట."

కాగితం టేబుల్ మీద ఉంది. కంప్యూటర్లో టైప్ చేసి ప్రింట్ తీశారు. 'జరిగిన తప్పుకు నేనే బాధ్యురాలిని' అని ఉంది. కింద సంతకం చోటు ఖాళీ.

"ఇది టైప్ చేసిందెవరు?"

"నేనేనండి." నౌబత్ టూర్స్ యజమాని రఘురామ్ లేచి తన కుర్చీ ఎస్‌ఐకి ఇచ్చాడు. "పోలీసులదాకా ఎందుకని. చిన్న కంపెనీ మేడమ్. రెండే బస్సులు. రేపు పేపర్లో వస్తే మూసుకోవాల్సిందే."

మిగతా రెండు కుర్చీల్లో నెక్లెస్ పోగొట్టుకున్న దంపతులు కూర్చున్నారు. చలపతిరావు రిటైర్డ్ ఇంజినీరు. భార్య జానకీదేవి. ఊరు కొవ్వూరు. పదేళ్లుగా అమీర్‌పేటలో ఉంటున్నారు.

"చెప్పండి సార్. మొదటినుంచి."

చలపతిరావు చెప్పాడు. పొద్దున పంజాగుట్టలో కూతురు సంహిత పెళ్లికి నెక్లెస్ కొన్నారు. డబ్బాను ఆకుపచ్చ గుడ్డ సంచిలో పెట్టారు. షాపు బయటికి రాగానే ఎదురుగా పైకప్పు లేని మేడ బస్సు ఆగి ఉంది. పదేళ్లుగా ఊళ్లో ఉండి చార్మినార్ ఎక్కలేదని జానకీదేవి అంది. ఎక్కారు.

"నెక్లెస్ చేతిలో పెట్టుకుని ఊరు చూడబోయారా?"

"దగ్గరుంటే భయమేంటండి? ఇంట్లో పెడితేనే భయం."

పైఅంతస్తులో ముందు సీటు దొరికింది. చార్మినార్ దగ్గర దిగారు. గంట తర్వాత మళ్లీ ఎక్కారు. ట్యాంక్‌బండ్ మీదికి వచ్చాక చూసుకుంటే సంచి లేదు.

"ఈ అమ్మాయినే ఎందుకు అనుమానించారు?"

"పొద్దున్నుంచీ మా పక్కనే తిరిగింది. నెక్లెస్ సంగతి మేం మాట్లాడుకుంటుంటే వింది. చార్మినార్ దగ్గర ఎక్కేటప్పుడు మా ఆవిడ చేతిలో సంచులు ఈవిడే అందుకుని పైకి తెచ్చింది. రెండు తీసుకుంది. ఒకటే ఇచ్చింది."

"ఒక్కటే తీసుకున్న," అంది నవీన. "నీళ్ల సీసల సంచి. పెద్దమ్మకు మెట్లు ఎక్కరాలే. అందుకే అందుకున్న. ఇగ ఇంకో మాట. పొద్దుగాల బస్సుల నేను లేనే లేను. వీళ్లు చార్మినార్ కాడనే నా బస్సెక్కిండ్రు."

"అబద్ధం!" చలపతిరావు గొంతు పెంచాడు. "అదే బస్సు. అదే అమ్మాయి!"

కమలకుమారి రఘురామ్ వైపు చూసింది.

రఘురామ్ ఇబ్బందిగా కదిలాడు. "నవీన చెప్పింది నిజమే మేడమ్. మా టికెట్ రోజంతా చెల్లుతుంది. ఎక్కడైనా దిగొచ్చు. చూసుకుని, వెనక వచ్చే బస్సెక్కాలి. గంటకో బస్సు. రెండూ ఒకేలా ఉంటాయి. వీళ్లు పొద్దున ఎక్కింది సాయిలు నడిపే బస్సు. అందులో గైడ్ వేరే. ఇద్దరికీ ఇదే మెరూన్ కుర్తా."

"ఆ సంగతి తెలిసీ ఈ కాగితం టైప్ చేశారా?"

రఘురామ్ టేబుల్ మీది కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నవీన చలపతిరావు ముందుకు వచ్చి నిలబడింది. "సార్, నా మొకం జర మంచిగ చూడుండ్రి. పొద్దుగాల గైడ్‌కు కండ్లద్దాలు ఉన్నయి. నాకంటె జానెడు పొడుగు. మీరు కుర్తా చూసిండ్రు. మనిషిని చూడలె. గా చూపు పట్టుకొనే దొంగ అన్నరు."

చలపతిరావు మొహం తిప్పుకున్నాడు. "ఎవరైతే ఏంటమ్మా. సంచి పోయిన మాట నిజం."

అప్పుడే అతని సెల్ మోగింది. లేచాడు. కళ్లజోడు డబ్బా కుర్చీలో పెట్టి వరండాలోకి వెళ్లాడు. పెళ్లివారి ఫోన్. మాట్లాడుతూనే ఉన్నాడు.

"సాయిలు బస్సులో వెతికించారా?" ఎస్‌ఐ అడిగింది.

"ఫోన్ చేసి అడిగాను మేడమ్. విడిచిన సామాను ఏదీ లేదన్నాడు."

"మళ్లీ చేయండి. స్పీకర్ పెట్టండి."

సాయిలు గొంతు బస్సు మోతలో వినిపించింది. "ఎన్నిసార్లు చెప్పాలె సార్? ప్రతి స్టాపుల పైకెక్కి చూస్తున్న. ఇడిసిన సామాను ఒక్కటి సుత లేదు. బస్సు ఫుల్లున్నది. పైన జనం నిలవడ్డరు. ఫికర్ చెయ్యకుండ్రి."

ఫోన్ పెట్టేసి రఘురామ్ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు. అరగంటగా నిలబడే ఉన్నాడు. మోకాలు నొక్కుకున్నాడు. పక్కన చలపతిరావు కుర్చీ ఖాళీగా ఉంది.

కమలకుమారి ఆ కుర్చీ వైపు చూసింది.

"కూర్చోవచ్చుగా?"

"ఆయన కుర్చీ అండి. డబ్బా పెట్టి వెళ్లారు."

చలపతిరావు వచ్చి డబ్బా తీసి కూర్చున్నాడు. రెండు నిమిషాలకు మంచినీళ్ల కోసం మళ్లీ లేచాడు. ఈసారి కుర్చీలో చేతిరుమాలు వేశాడు. కుండ రెండడుగుల దూరంలో ఉంది.

ఎస్‌ఐ లేచి నిలబడింది. "రఘురామ్ గారూ, సాయిలు బస్సు ఇప్పుడు ఎక్కడుంది?"

"ఖైరతాబాద్ దాటి ఉంటుంది. ఇంకో పది నిమిషాల్లో పంజాగుట్ట స్టాప్."

"అందరూ జీపెక్కండి."

*

బస్సు వచ్చింది. సాయిలు కిందికి దిగబోతే ఎస్‌ఐ ఆపింది. ముందుగా తనే మెట్లెక్కింది. మిగతావాళ్లు వెనక ఎక్కారు.

పైఅంతస్తు నిండిపోయి ఉంది. ఎండలో ఏడెనిమిది మంది కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. ముందు వరుసలో, కుడి వైపు, ఇద్దరు కూర్చునే సీటు ఖాళీగా ఉంది. దాని మీద ఆకుపచ్చ గుడ్డ సంచి.

జానకీదేవి గట్టిగా ఊపిరి తీసింది.

కమలకుమారి సీటు పక్కన నిలబడ్డ లావుపాటి మనిషిని అడిగింది. "ఇంత ఎండలో నిలబడ్డారేం? సీటుందిగా?"

"ఎవలో ఆపుకున్నరు మేడమ్. కిందికి పోయినట్టుండ్రు, వస్తరు."

"మీరెక్కడ ఎక్కారు?"

"లక్డీకాపూల్."

"అప్పటినుంచీ ఎవరైనా వచ్చారా?"

"రాలే. అయినా ఒకలు ఆపుకున్న సీట్ల మనమెట్ల కూసుంటం? లొల్లి అయితది."

ఎస్‌ఐ సంచి తీసి జానకీదేవి చేతిలో పెట్టింది. జానకీదేవి డబ్బా తెరిచింది. నెక్లెస్ ఉంది. మూత పెట్టి కళ్లు తుడుచుకుంది.

"సాయిలూ! విడిచిన సామాను లేదన్నావు?"

సాయిలు మెట్ల మీద నుంచే తల ఎత్తాడు. "లేదు గదా మేడమ్. గది సీటాపుకున్న సంచి. ఇడిసిన సామాను ఎట్లయితది?"

కమలకుమారి చలపతిరావు వైపు తిరిగింది. "కొవ్వూరులో ఉన్నప్పుడు ఉద్యోగం ఎక్కడ సార్?"

"రాజమండ్రిలో."

"రోజూ బస్సులోనే వెళ్లేవారా?"

"అవును. ఇరవయ్యేళ్లు."

"సీటెలా దొరికేది?"

"కిటికీలోంచి రుమాలు వేసేవాణ్ని..." అతను మధ్యలో ఆగిపోయాడు.

"ఆఫీసులో రెండుసార్లు లేచారు. రెండుసార్లూ కుర్చీ ఆపుకుని వెళ్లారు. మీకే తెలియదు, చెయ్యి దానంతట అదే చేసేసింది. చార్మినార్ దగ్గర దిగేటప్పుడూ అంతే. చేతిలో ఉన్నది సీట్లో పెట్టి దిగారు, ఇదే బస్సు మళ్లీ ఎక్కుతామన్న లెక్కలో. బస్సు వెళ్లిపోయింది. తర్వాత ప్రతి స్టాప్‌లో కొత్తవాళ్లు ఎక్కారు. సంచి మనిషి ఇప్పుడే కిందికి దిగాడనుకున్నారు. ఎవరూ ముట్టుకోలేదు. రఘురామ్ గారు మోకాలి నొప్పితో కూడా మీ కుర్చీలో కూర్చోలేదు. అది చూశాకే ఈ బస్సు చూడాలనిపించింది."

లావుపాటి మనిషి నవ్వాడు. "మరి ఇప్పుడు కూసోవచ్చా మేడమ్?"

"కూర్చోండి."

రఘురామ్ జేబులోంచి కాగితం తీసి చింపేశాడు. "అయిపోయింది నవీనా. మనసులో పెట్టుకోకు. రేపు డ్యూటీకి వచ్చెయ్."

"రేపెందుకు సార్? నాలుగు గంటల ట్రిప్పు నాదే. వస్త. ముందుగాల నా ఫిర్యాదు రాయించాలె."

"ఫిర్యాదేంటి?" చలపతిరావు నవ్వబోయాడు. "దొరికిందిగా. పొరపాటు అమ్మా. పెళ్లికి రా, చీర పెడతాం."

"నాకు మీ చీర వద్దు. ట్యాంక్‌బండ్ మీద అందరి ముంగట దొంగ అన్నరు. మెట్లకు అడ్డం నిలవడి దిగనియ్యలె. నా బ్యాగు గుంజి కుమ్మరిచ్చిండ్రు. టిఫిన్ డబ్బ, దువ్వెన, అన్నీ జనం కాళ్ల కింద పడ్డయి. చూసినోళ్లంత ఏ స్టాపుల ఆ స్టాపుల దిగి పోయిండ్రు. వాళ్ల లెక్కల నేను దొంగనే. నెక్లెస్ దొరికిందని వాళ్లకెవలు చెప్తరు?"



"స్టేషన్‌కు పదండి," అంది కమలకుమారి.

*

స్టేషన్‌లో నవీన చెప్పింది చెప్పినట్టు రాసుకుంది ఎస్‌ఐ.

"దొంగ అన్న మాటకు నేను నేరుగా కేసు కట్టలేను. అది కోర్టులో వేసుకోవాలి. మెట్లకు అడ్డం నిలబడి దిగనివ్వకపోవడం సెక్షన్ 341. అది నేను కట్టగలను. కానీ సాక్షి కావాలి."

"సాక్షులెక్కడున్నారండి?" చలపతిరావు కాలు మీద కాలు వేసుకున్నాడు. "ఈవిడే చెప్పిందిగా, అందరూ దిగిపోయారని."

"గోల్కొండ కాడ ఎతుకుత," అంది నవీన. "మ్యూజియం కాడ ఎతుకుత. రోజంత టికెట్ గదా, ఇంకా ఊళ్లనే ఉంటరు. ఒక్కలన్న దొరకకపోతరా?"

"దొరక్కపోతే?"

"దొరకకపోతే సుత నా మాట కాయితం మీద ఉంటది. కొట్టేస్తే కోర్టు కొట్టెయ్యాలె. మీరు కాదు."

"వెతకక్కర్లేదమ్మా."

అన్నది జానకీదేవి. ఆఫీసులోనూ, జీపులోనూ నోరు విప్పని మనిషి. సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీ టేబుల్ దగ్గరికి జరుపుకుంది.

"నేను అక్కడే ఉన్నాను. చూశాను. ఈ పిల్ల వదలమని మూడుసార్లు అడిగింది. ఆయన వదల్లేదు. నేనూ ఊరుకున్నాను. రాసుకోండి."

"జానకీ! నీకేమైనా మతిపోయిందా? సంహిత పెళ్లి పెట్టుకుని..."

"సంహిత కూడా పొద్దున్నే బస్సెక్కి డ్యూటీకి వెళ్తుందండీ. మీరు కూర్చోండి."

చలపతిరావు కూర్చోలేదు. నవీన జానకీదేవి వైపు చూసింది. తాగడానికి గ్లాసులో నీళ్లు పోసి ఆమె ముందు పెట్టింది.

కమలకుమారి కొత్త కాగితం తీసింది.

"సాక్షి పేరు?"

"జానకీదేవి."

"భర్త పేరు?"

"చలపతిరావు. ఇందాక నిందితుడి దగ్గర రాశారే, ఆ పేరే."