పాత చీర పోగు

పాకపొయ్యి ఈల వేసింది. గోదావరిఖని ప్రయోగశాల వంటగదిలో రాజవ్వ మూత తీసింది. పొద్దున వేసిన గుప్పెడు వరిగడ్డి అప్పటికే తియ్యని పాకమైంది. కడుపుతో ఉన్న కూతురు తుల్జకు ఆ పాకంతోనే టీ కలిపింది. ఇప్పుడు ఇంటింటా ఇదే పొయ్యి.

పొయ్యిలో పనిచేసేది ఒక బూజు నుంచి తీసిన ఎంజైమ్. గడ్డిలోని పీచును చక్కెరగా విడగొడుతుంది, సలసల కాగినా చావదు. ఆ చావకపోవడమే కొంప ముంచింది. ఆవిరితో బయటికొచ్చి నూలుబట్టలనూ గడ్డి కిందే జమకట్టింది. ఏ నూలు చీరైనా వారం తిరక్కుండా జల్లెడే. జనమంతా నైలాన్‌లో ఉడికిపోతున్నారు.

పొయ్యి దాటితే దాని పని ఆపేసే తాళంలాంటి మందు కోసం తుల్జ వెతుకుతోంది. అందుకు ఎంజైమ్‌ను స్ఫటికంగా మార్చి, ఎక్స్-రేలో దాని ఆకారం చూడాలి. కానీ ఆ ఎంజైమ్ మహాతల్లికి చెయ్యిలాంటి ఒక కొస ఉంది, అది ఊగడం మానదు. ఊగుతుంటే స్ఫటికం కట్టదు.

"దాని చేతికి నూలుపోగు ఇస్తే కుదురుగ ఉంటదక్కా," అన్నాడు తోటి పరిశోధకుడు ఖైసర్. "కొత్త నూలుకు మైనముంటది, పట్టు దొరకది. మస్తు ఉతుకులు తిన్న పాతదే కావాలె."

ఇద్దరి చూపూ అల్మారాలోని గాజుసీసా మీదికి పోయింది. గాలి చొరకుండా మూసిన ఆ సీసాలో రాజవ్వ తల్లి కట్టిన చీర ఉంది. తుల్జ పుట్టగానే అందులోనే చుట్టారు. వచ్చే నెల పుట్టబోయే బిడ్డ కోసం దాచారు. మూత తీస్తే ఆ చీరకూ వారమే ఆయుష్షు.

"వద్దే అమ్మా!" అంది తుల్జ.

రాజవ్వ అప్పటికే మూత తిప్పేసింది. "ఊరి పిల్లలందరు చెమటకాయలతోని ఏడుస్తున్నరు. నీ ఒక్క బిడ్డకేనా?"

మర్నాడు సూక్ష్మదర్శినిలో చూసిన తుల్జ కెవ్వుమంది. పోగు పొడవునా స్ఫటికాలు పటికబెల్లం పలుకుల్లా మెరుస్తున్నాయి! ఖైసర్ టీ అంతా ఒలకబోసుకున్నాడు. ఎక్స్-రేలో ఆ చేతి ఒంపు స్పష్టంగా దొరికింది. నెల తిరిగేసరికి తాళం తయారైంది, నూలు బతికింది. ఊరంతా పండగే.

ఆ సందడిలోనే తుల్జకు ఆడపిల్ల పుట్టింది. "మెత్తటి పాత బట్ట తేండ్రి," అంది నర్సు. సీసాలోని చీరతో సహా పాత నూలంతా ఎప్పుడో జల్లెడైపోయింది, ఊరంతా గాలించినా ఒక్కటీ దొరకలేదు. రాత్రికి రాత్రి ఏదైనా తయారుచేసే ఊళ్లో బట్టను పాతబరిచే యంత్రం మాత్రం ఎవరి దగ్గరా లేదు. పెళపెళలాడే కొత్త నూలులో పసిది గుక్కపట్టి ఏడ్చింది. తుల్జ కూడా ఏడ్చింది.

రాజవ్వ సంచిలోంచి ఇంకో కొత్త నూలు చీర తీసి అక్కడికక్కడే చుట్టుకోసాగింది.

"ఇప్పుడెందుకే అది?" అంది తుల్జ.

"ఇయ్యాల్టి సంది కడ్త, ఉతుక్త. నా తర్వాత నువ్వు కట్టు బిడ్డా. దీని బిడ్డ పుట్టే యాళ్లకన్న మెత్తగైతది."