తొమ్మిదో గ్రీన్ మీద యాభై రెండు మచ్చలు

"సార్! ఓ ఎర్ర టోపీ సార్! జర ఆగున్రి!"

నేను ఆగలేదు. జీవితంలో మొదటిసారి నేను కొట్టిన గోల్ఫ్ బంతి చెరువులో పడకుండా, చెట్టుకు తగలకుండా, గాల్లోకి లేచి వెళ్లి తొమ్మిదో గ్రీన్ మీద దబ్బున పడింది. అలాంటప్పుడు ఎవరాగుతారండీ? రెండు చేతులూ పైకెత్తి గ్రీన్ మీదికి పరుగు పెట్టాను.

గ్రీన్ అంటే చివర్లో బంతిని మెల్లగా దొర్లించే చోటు. గడ్డి అగ్గిపుల్ల మందాన ఉంటుంది. దాని మీద పరిగెత్తకూడదని నాకు అప్పటికి తెలియదు.

ఎదురుగా ఖాకీ చొక్కా, గమ్ బూట్లు వేసుకున్న అమ్మాయి వచ్చి నిలబడింది.

"ముళ్ల బూట్లేసుకొని ఉరుకుతున్రు. మీ ఇంట్ల పూజగదిల గూడ గిట్లనే ఉరుకుతరా?"

"మా ఇంట్లో పూజగది లేదండీ. అల్మారాలో ఒక అరే ఉంది" అన్నాను నిజాయితీగా.

ఆమెకు నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. తర్వాత కిందికి వేలు చూపించింది. నా బంతి పడినచోట చిన్న గుంట.

"గీ గుంట ఎవరిది?"

"బంతిదండీ."

"బంతిని ఎవలు కొట్టిన్రు?"

"నేనే."

"అయితే గుంట గూడ మీదే. కూసోండ్రి."

కూర్చున్నాను. ఆమె జేబులోంచి రెండు పళ్ల చిన్న ఫోర్క్ తీసి నా పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. "దీన్ని పిచ్ మార్క్ అంటరు. అయిదు నిమిషాలల్ల సరిచేస్తే ఒక్క దినంల మానుతది. ఇడిసిపెడితే రెండు వారాలు. ఎట్ల చెయ్యాల్నో మంచిగ చూడున్రి" అని మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఒక చినుకు ఆమె ముక్కు మీద పడింది. దాన్ని తుడుచుకోకుండా, ఊపిరి బిగబట్టి, ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు ఆమె ఆ గుంటనే చూస్తోంది. నేను ఆమెను చూస్తున్నాను.

"సమజైందా?"

"పూర్తిగా!" అన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"గీ ఫోర్క్ మీ దగ్గరే ఉంచుకోండ్రి. మల్లొస్తే మీ గుంట మీరే సాఫ్ చెయ్యాలె."

మళ్లీ రాకుండా ఎలా ఉంటాను?

నా పేరు పట్టాభి. తాతగారి పేరు పెట్టారు, నా తప్పేం లేదు. స్ప్రింక్లర్ల కంపెనీలో సేల్స్ ఇంజనీర్‌ని. ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద ఉన్న ఆ తొమ్మిది గుంతల గోల్ఫ్ క్లబ్‌కి స్ప్రింక్లర్లు అమ్మింది మేమే. క్లబ్ మెంబరైన మా బాస్, ఆట నేర్చుకుంటే ఆర్డర్లు వస్తాయని నన్ను తీసుకెళ్లాడు.

ఆ అమ్మాయి స్వరూప. అగ్రికల్చర్ బీఎస్సీ. వాళ్లది నల్గొండ వైపు పల్లె, ఇప్పుడు ఉండేది చంపాపేట్‌లో. ఆ క్లబ్‌లో ఇరవై ఏళ్లు గ్రీన్లు పెంచిన పెద్దమాలి లచ్చయ్య కూతురు. తండ్రి మోకాళ్లు మొరాయించాక ఆమె ఆ పనిలో చేరింది. ఇంకా టెంపరరీయే. దసరా ముందు ఆదివారం వేరే క్లబ్ వాళ్లతో పోటీ ఉంది. ఆరోజు గ్రీన్లు బాగుంటే ఆమెకు గ్రీన్స్ ఇన్‌ఛార్జ్ ఉద్యోగం. లేకపోతే బెంగళూరు నుంచి కాంట్రాక్టరు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, రోజు విడిచి రోజు స్ప్రింక్లర్లు చెక్ చెయ్యడానికి వెళ్లేవాడిని.

"ఏమైంది స్ప్రింక్లర్‌కు?"

"ప్రెషర్ చూద్దామనండీ."

"మొన్ననే చూసిన్రు గద."

"మొన్నటి ప్రెషర్ వేరు."

"వాన పడుతుంటే గొడుగు పట్టుకొని స్ప్రింక్లర్ చెక్ చేసే మనిషిని మిమ్మల్నే చూస్తున్న."

ఇంకోసారి సూటిగా అడిగింది. "తెలంగాణ ఒస్తే మీరు పోతరా?"

"ఎక్కడికండీ?"

"మీ ఊరికి."

"మా నాన్నగారిది తెనాలి. నేను పుట్టింది దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ వెనక. నా ఊరికి పోవాలంటే బండి మీద అరగంట."

ఆమె పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి 'సార్' పోయి 'పట్టాభి' వచ్చింది. నేను ఇంటికెళ్లి అన్నంలో రెండుసార్లు నెయ్యి వేసుకున్నానని అమ్మ చెప్పింది. నాకు గుర్తులేదు.

అది రెండువేల పదకొండు సెప్టెంబరు. సకల జనుల సమ్మె మొదలైంది. ఆర్టీసీ బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. చంపాపేట్ నుంచి బస్సులో రావలసిన ఈరమ్మ బృందం, అంటే గ్రీన్ల పని చేసే నలుగురు ఆడవాళ్లు, రాలేకపోయారు. స్వరూప మాత్రం సైకిల్ మీద వచ్చి తొమ్మిది గ్రీన్లూ ఒక్కతే చూసుకుంటోంది.

ఆ శనివారం మెంబర్లు ఆడి వెళ్లాక తొమ్మిదో గ్రీన్ నిండా గుంటలే. ఒక్కరంటే ఒక్కరు సరిచేయలేదు. స్వరూప కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఇది పొద్దున చూస్తా. ఇగ నాతోని కాదు" అని ఇంటికి వెళ్లింది.

నా గుండె పొంగింది. ఇదే అవకాశం! జేబులో ఆమె ఇచ్చిన ఫోర్క్ ఉంది. వెలుతురు ఉండగానే కూర్చున్నాను. గుంట మధ్యలో గుచ్చడం, అడుగునున్న మట్టిని పైకి పెకలించడం, సమంగా అదమడం. మొత్తం యాభై రెండు. లేచి చూస్తే గ్రీన్ నున్నగా ఉంది. మర్నాడే ఆఫీసు పని మీద వరంగల్ వెళ్లాలి. చెప్పకుండా చేశాను కాబట్టి బుధవారం చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

బుధవారం మిర్చి బజ్జీల పొట్లంతో ఈల వేసుకుంటూ వెళ్లాను. తొమ్మిదో గ్రీన్ మీద స్వరూప మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆమె చుట్టూ గోధుమరంగు మచ్చలు. క్లబ్ సెక్రటరీ చక్రపాణి గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"తెగులంటావు, మందు కొట్టానంటావు. ఎరువు ఎక్కువేసి మాడ్చేశావేమో?"

"లేదు సార్. కొలతతోనే ఏసిన. ఆదివారం పొద్దున చూస్తే నున్నగ ఉండె, మెంబర్లే మల్లొచ్చి గుంటలు సాఫ్ చేసిన్రేమో అనుకున్న. ఏడ తప్పు చేసిన్నో నాకే సమజైతలేదు."

నేను మచ్చలు లెక్కపెట్టాను. సరిగ్గా యాభై రెండు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కానీ ఆమె తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకుంటోంది. అది చూడలేకపోయాను.

"సార్, తప్పు ఆవిడది కాదు, నాది. శనివారం సాయంత్రం ఈ గుంటలన్నీ నేనే సరిచేశాను."

స్వరూప తల ఎత్తింది. "ఎట్ల చేసినవ్?"

ఫోర్క్ తీసి ఎలా గుచ్చానో గాల్లో చూపించాను. ఆమె ముఖం పాలిపోయింది.

"మధ్యల గుచ్చి పైకి లేపినవా? ఏర్లు తెగుతయి! అంచుల మీద గుచ్చి మధ్యలకు నూకాలె. పైకి లేపొద్దు అని నేను మూడుసార్లు చెప్పిన. చెప్పేటప్పుడు నువ్వు ఎటు చూసినవ్?"

"నీ ముఖం చూశాను."

వేరే రోజైతే నవ్వేదేమో. ఆ రోజు నవ్వలేదు. "ఈరమ్మ బ్యాచ్ ఉంటే మచ్చలు తీసి, నర్సరీ మడిల పెంచిన గడ్డిని ఏర్లతోని బిళ్లలుగ కోసి పెట్టి, రెండు దినాలల్ల లేపుతుంటిమి. బస్సులు లేవు. నా నౌకరి పోయింది. నువ్వు పో పట్టాభి" అంది.

చక్రపాణి గారు ఇంకా తేలిగ్గా తేల్చేశారు. "పోటీ ఆదివారమే. గ్రీన్ చదునుగా ఉండాలి, లేదంటే సోమవారం కాంట్రాక్టరు వస్తాడు. ఇక మీరు, ఈ గేటు లోపల అడుగు పెట్టొద్దు."

బజ్జీల పొట్లం వాచ్‌మన్‌కి ఇచ్చేసి వచ్చాను.

మా నాన్న జోగారావు గారికి దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యుటోరియల్స్ ఉంది. దానికొక పసుపురంగు వ్యాన్. రెండు పక్కలా ఆయన పేరు మూరెడు అక్షరాలతో ఉంటుంది. సమ్మె మొదలయ్యాక దాన్ని షెడ్డులోంచి తీయలేదు.

"రేపు పొద్దున వ్యాన్ కావాలి నాన్నా. చంపాపేట్ నుంచి ఎల్బీ నగర్ మీదుగా వెళ్లాలి."

"మతి పోయిందా? చౌరస్తాలో టెంట్లు వేసుకుని కూర్చున్నారు. మన బోర్డు చూస్తే ఊరుకుంటారా? పనేంటి అసలు?"

"గడ్డి నాటాలి."

నాన్న కళ్లజోడు తీసి నన్ను చూశారు. వంటింట్లోంచి అమ్మ సూర్యప్రభ తొంగి చూసింది. "ఎవర్రా ఆ అమ్మాయి?" అంది.

మొత్తం చెప్పాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నాన్న పక్కన నిలబడింది. "చేతులారా పాడు చేసొచ్చాడు. వీడు కాకపోతే ఎవరు బాగుచేస్తారండీ? తాళాలివ్వండి." నాన్న గొణుక్కుంటూనే ఇచ్చారు.

గురువారం పొద్దున్నే చంపాపేట్ వెళ్లి ఈరమ్మను, మిగతా ముగ్గురిని ఎక్కించుకున్నాను. కర్మన్‌ఘాట్ దాటుతుంటే హనుమంతుడికి వ్యాన్‌లోంచే దండం పెట్టాను. ఎల్బీ నగర్ చౌరస్తాకు వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెల్లో ఖిచిడీ. ఆరోజు వంటావార్పూ రోడ్డు మీదేనట. జై తెలంగాణ నినాదాలతో చౌరస్తా హోరెత్తుతోంది.

పదిమంది వ్యాన్ చుట్టూ మూగారు. "ఎవలదిరా గీ బండి? బంద్ అని ఎరుక లేదా?"

నేను నోరు తెరిచేలోపే ఈరమ్మ కిటికీలోంచి సగం బయటికొచ్చింది. "ఓ లచ్చయ్య బావా! ఇటు రా! నీ బిడ్డ గ్రీన్ కాడికే పోతున్నం!"

గుంపు చీల్చుకుంటూ చేతికర్రతో ఒక పెద్దాయన వచ్చారు. మెడలో గులాబీ కండువా. నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"యాభై రెండు గుంటలు పెకిలించింది నువ్వేనా?"

"నేనేనండీ."

"నా బిడ్డ నిన్నటి సంది బువ్వ తింటలేదు."

ఇంజన్ ఆపేశాను.

"దిగు" అన్నారు.

అయిపోయింది అనుకుంటూ దిగాను. ఆయన నా చేతిలో విస్తరి పెట్టి, దాని నిండా వేడివేడి ఖిచిడీ వేయించారు. "తిను. ఖాళీ కడుపుతోని మడిల దిగొద్దు. చెయ్యి వణికితే గడ్డి బిళ్ల వంకరొస్తది." తర్వాత జనం వైపు తిరిగారు. "రేపు రాష్ట్రం మనదైతది. ఆ గ్రీన్ ఇరవై ఏండ్ల సంది మనదే. తొవ్వ ఇడువున్రి!"

పొయ్యి జరిపారు. ఆయన ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. "నడుపు. నేనూ ఒస్తా."

గేటు దగ్గర వ్యాన్ ఆపాను. ఆడవాళ్లు బిలబిలమంటూ దిగి లోపలికి పరిగెత్తారు. స్వరూప ఎదురొచ్చి ఈరమ్మను వాటేసుకుంది. ఆ తర్వాత నన్ను చూసింది.

"నేను లోపలికి రానండీ. సెక్రటరీ గారు వద్దన్నారు" అన్నాను. భయంతో 'అండీ' మళ్లీ వచ్చేసింది.

ఆమె గేటు పక్కనున్న మడి వైపు చూసింది. "గేటు లోపలికి రావొద్దన్నరు. నర్సరీ మడి గేటు బయటనే ఉన్నది. బిళ్లలు కోసే కటర్ పట్టుకో."

రెండు రోజులు ఆ మడిలోనే ఉన్నాను. లచ్చయ్య గారు కుర్చీ వేసుకుని కూర్చుని నేర్పారు. నిలువుగా దించాలి, తిప్పాలి, వేరుతో సహా బిళ్ల లేపాలి. నేను ఆయన చేతుల్నే చూశాను. స్వరూప ట్రే తీసుకెళ్లడానికి వచ్చినప్పుడల్లా తల వంచుకునే ఉన్నాను. శుక్రవారం అమ్మ పంపిన గోంగూర పచ్చడి, అన్నం గేటు ఊచల్లోంచి ఆమెకు అందించాను. "మీ అమ్మకు థాంక్స్ చెప్పు" అంది. నాకు చెప్పలేదు. అయినా నాకు ఎగరాలనిపించింది.

ఆదివారం పోటీ. నేను గేటు బయట, వ్యాన్ పైకెక్కి నిలబడ్డాను. ఆట మొదలయ్యే ముందు చక్రపాణి గారు తొమ్మిదో గ్రీన్ ఈ చివర నిలబడి బంతిని మెల్లగా తోశారు. అది మచ్చలున్న చోటి మీదుగా, ఎక్కడా ఎగరకుండా, పక్కకు తిరగకుండా వెళ్లి గుంతలో టక్కున పడింది. ఆయన ఇంకొకటి తోశారు. అదీ అంతే. అప్పుడాయన స్వరూప వైపు తిరిగి చెయ్యి చాచారు.

నేను వ్యాన్ మీద గంతులేశాను. టాప్ సొట్టపోయింది. నాన్న ఇప్పటికీ అంటుంటారు.

సాయంత్రం అందరూ వెళ్లాక స్వరూప గేటు దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చింది. "సెక్రటరీ సార్ నిన్ను లోపలికి రమ్మన్నడు. గ్రీన్స్ ఇన్‌ఛార్జ్ ఒప్పుకుంటెనే అన్నడు."

"ఇన్‌ఛార్జ్ గారు ఒప్పుకుంటారా?"

"పరీక్ష ఉన్నది. పా."

తొమ్మిదో గ్రీన్ మీద ఒక పిచ్ మార్క్ మిగిల్చి ఉంచింది. దూరంగా షెడ్డు దగ్గర లచ్చయ్య గారు ఇటు చూడనట్టు నటిస్తూ చూస్తున్నారు. చినుకులు మొదలయ్యాయి. ఫోర్క్ తీసి మోకాళ్ల మీద కూర్చున్నాను. అంచున గుచ్చి, మధ్యకు నెమ్మదిగా తోశాను. మళ్లీ ఇంకో అంచు. తల ఎత్తకుండానే అన్నాను.

"స్వరూపా, నువ్వంటే నాకిష్టం. మొదటి రోజు నుంచీ. నీకు ఇష్టమైతే మా అమ్మానాన్నల్ని మీ ఇంటికి తీసుకొస్తాను."

"గడ్డికి చెప్తున్నవా, నాకు చెప్తున్నవా?"

"నీకే. తల ఎత్తితే పని పాడవుతుందని భయం."

ఆమె పటర్, అంటే గ్రీన్ మీద బంతిని తోసే కర్ర, అందించింది. నేను దాని అడుగుతో ఆ చోటుని మెల్లగా అదిమాను. ఆమె వంగి అరచేత్తో తడిమింది. గుంట ఎక్కడుందో తెలియడం లేదు.

"మా నాయిన నిన్ననే అన్నడు, పిలగానికి చెయ్యి కుదిరిందని" అంది. తర్వాత ఆ చెయ్యి గడ్డి మీంచి తీయకుండానే నా చేతి పక్కకు జరిపింది.

"పని అయిపోయింది పట్టాభి. ఇగ నా మొఖం చూడు."

చూశాను. ముక్కు మీద చినుకుంది.