నమలకుండా మింగిన మూడేళ్ళు

"పండ్లన్నీ పీకించేస్తే పోలా! కట్టుడు పండ్లు పెట్టిస్తా. నెల్ల తరబడి ఆస్పత్రి సుట్టూ ఎవురు తిరగతారు?"

భర్త మునిచంద్ర ఆ మాట అనగానే కోమలికి ఒళ్ళు మండిపోయింది! ముప్పై తొమ్మిదేళ్ళకే బోసినోరా? తిరుపతిలో డాక్టరమ్మ ఆ ఉదయమే విడమరిచి చెప్పింది కదా... చిగుళ్ళ జబ్బు ముదిరిన మాట నిజమే, కానీ నాలుగైదుసార్లు వచ్చి చిగుళ్ళ లోపలిదాకా శుభ్రం చేయించుకుని, అవసరమైన చోట చిన్న ఆపరేషన్ చేయించుకుంటే చాలా పళ్ళు నిలుస్తాయని! ఈయన వింటేగా! ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

మూడేళ్ళు! బ్రష్షు పెడితే నెత్తురు, నవ్వాలంటే సిగ్గు. నోరు వాసనని మంచం హాల్లోకి మార్చుకున్నాడు మొగుడు. ఆమె తినలేకపోతోందని మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. రాగి సంగటిని ఎవరైనా నములుతారా? ముద్ద పులుసులో అద్ది మింగేయడమే! మూడు పూటలా అదే మింగుతుంటే, "మా కోడలికి సంగటంటే పానం" అని ఐరాల ఊళ్ళోని చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకుంది అత్త చంద్రకాంతమ్మ. ప్రాణమట, ప్రాణం!

"నేను పీకించుకోను!" అరిచింది కోమలి. "నీ లారీకి రిపేరొస్తే రేణిగుంట షెడ్డులో వారం కూర్చుంటావే... నాకోసం నాలుగుసార్లు రాలేవా?"

"మా అమ్మకు పీకించలా? బాగానే ఉండాదే!"

అనపకాయలు ఒలుస్తున్న చంద్రకాంతమ్మ చేటను పక్కకు నెట్టింది.

"బాగుండానని నీకెవురు సెప్పినార్రా?" అడిగింది కొడుకుని. "మీ నాయన ఇట్లనే ఒక్కమాటతో పీకించేసినాడు. ఈ కట్టుడు పండ్లు కుదరక, ఒరుసుకోని పుండ్లు పడినా పదహారేండ్లు నోరెత్తకుంటి! నేనూ సంగటే మింగతా ఉండాను... అందుకే దీని బాధ నా కంటికి ఆనలేదు, పాపిష్టిదాన్ని!"

కోమలి కోపం కన్నీళ్ళయింది! అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కట్టుడు పళ్ళు మెల్లగా తీయించి, ఆమె గడ్డం పట్టుకుని వెలుగుకు తిప్పింది. కింది చిగురు మీద ఎర్రగా, పచ్చిగా పుండు... పదహారేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆ నోట్లోకి చూడలేదు!

"రా! నువ్వూ వచ్చి సూడు!" భర్త మీద గర్జించింది కోమలి.

మునిచంద్ర వచ్చి వంగి చూశాడు. చేతిలోని ఫోన్ పక్కన పెట్టేశాడు.

"డాక్టరమ్మ ఎప్పుడు రమ్మనింది?" అన్నాడు, తల వంచుకునే. "ఇద్దర్నీ నేనే పిల్సకపోతా..."